పదమూడో నంబరు సీటు: ఒక చిత్తూరు ట్రావెల్స్‌లో ఇరవై రెండేళ్ల రాత్రి ప్రయాణాలు

చిత్తూరు నుంచి హైదరాబాదుకు రాత్రి బస్సులు నడిపే ఒక స్థానిక ట్రావెల్స్‌లో నేను 2003 వేసవి నుంచి 2025 నవంబరు వరకు ప్రయాణించాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. వాణిజ్య పన్నుల కార్యాలయం, మాకు అప్పులిచ్చే బ్యాంకు పెద్ద ఆఫీసు, ఎగుమతి ఏజెంట్లు అన్నీ అప్పట్లో హైదరాబాదులోనే ఉండేవి కనుక నెలకు కనీసం ఒకసారి, తోతాపురి కాయ దిగే జూన్, జులై నెలల్లో రెండు మూడుసార్లు వెళ్లి రావలసి వచ్చేది. రాష్ట్రం విడిపోయాక పన్నుల పని విజయవాడకు మారింది గాని, ఏజెంట్లు అక్కడే ఉండిపోవడంతో నా ప్రయాణాలు తగ్గాయే తప్ప ఆగలేదు. ఆ సంస్థ ఇప్పుడు చేతులు మారింది. పాత యజమానుల కుటుంబం ఇంకా మా ఊళ్లోనే ఉంది. మంచితో పాటు చెడు కూడా రాయక తప్పదు కనుక పేరు మాత్రం రాయడం లేదు.

దారి గురించి ముందు చెప్పాలి. చిత్తూరులో సాయంత్రం ఆరున్నరకు బయలుదేరిన బండి పూతలపట్టు, పీలేరు, రాయచోటి మీదుగా గువ్వలచెరువు ఘాట్ దిగి కడప చేరేది. అక్కడి నుంచి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, కర్నూలు దాటి తుంగభద్ర వంతెన మీదుగా జడ్చర్ల వైపు సాగిపోయేది. అంతా కలిపి 550 కిలోమీటర్ల పైచిలుకు. కర్నూలు వరకు ఉన్న రోడ్డును అప్పుడు 18వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు అది 40వ నంబరు. నంబరుతో పాటు రోడ్డు కూడా మారిపోయింది కనుక, 2003 నాటి బండిని, ఈనాటి బండిని పక్కపక్కన పెట్టి తూచడం న్యాయం కాదు. గతుకుల రోడ్డు మీద ఇనుప కమాన్ల బండిలో కూర్చున్న నడుము ఒకటి, నాలుగు వరుసల రోడ్డు మీద గాలి బెలోస్ (కమాన్ల బదులు ఉండే గాలి తిత్తులు) బండిలో పడుకున్న నడుము ఇంకొకటి.

నేను మొదట ఎక్కింది వీడియో కోచ్. రెండు పక్కలా రెండేసి పుష్‌బ్యాక్ సీట్లు, ముందు ఇంజన్, ఏసీ లేదు. డ్రైవరు పక్కన ఇంజన్ మీద కప్పిన రెగ్జిన్ మూత రాత్రంతా పెనంలా కాలుతూ ఉండేది. ముందు రెండు వరుసల్లో కూర్చుంటే ఆ వేడి, ఆ మోత భరించాలి. వెనక చక్రాల వెనక కూర్చుంటే ప్రతి గతుక్కీ మనిషి సీటు నుంచి నాలుగంగుళాలు లేచి పడాలి. రెండు ఇరుసుల మధ్య ఉన్న వరుసలే కాస్త నెమ్మది. నాలుగో వరుసలో ఎడమ పక్క కిటికీ సీటు నంబరు పదమూడు. ఎడమ పక్క అయితే ఎదురొచ్చే లారీల దీపాలు కళ్లలో పడవు. చక్రం మీద కాదు కనుక కాళ్లు చాపుకోవడానికి చోటుంటుంది. ఈ సంగతి నాకు చెప్పింది బుకింగ్ ఆఫీసులో కూర్చునే పెద్దాయన. రెండో నెలకే నేను అడగకముందే ఆయన పొడుగాటి చార్టులో ఆ గడి మీద నీలం సిరాతో అడ్డగీత గీసి, "పదమూడు పెట్టేసినా సార్, పోయి రాండి" అనేవారు.

ఆ చార్టు గురించి రెండు మాటలు చెప్పాలి. అచ్చు వేయించిన కాగితం మీద బస్సు ఆకారం, అందులో గళ్లు, ప్రతి గడిలో మనిషి పేరు, ఎక్కే చోటు. కట్టమంచి దగ్గర ఎక్కేవారికి 'క', గాంధీ విగ్రహం దగ్గర ఎక్కేవారికి 'గా', పీలేరులో ఎక్కేవారికి 'పీ'. ఆడవాళ్ల గడి చుట్టూ ఎర్ర సున్న. ఆ సున్న పక్క సీటును మగవాళ్లకు అమ్మేవారు కాదు, ఖాళీగా పోయినా సరే. బండి బయలుదేరే ముందు ఆ కాగితం క్లీనరు చేతికి వచ్చేది. ఎక్కే చోట మనిషి కనిపించకపోతే ఆఫీసు నుంచి ఆ ఇంటి ల్యాండ్‌లైనుకు ఫోను వెళ్లేది. ఒకసారి నాకే వచ్చింది. నేను జ్వరంతో పడుకుని టికెట్టు సంగతే మరిచిపోయాను. ఆ పెద్దాయన డబ్బు వెనక్కి ఇవ్వలేదు గాని, మరుసటి వారం టికెట్టులో సగం తగ్గించారు. అలా తగ్గించమని ఏ నిబంధనలోనూ లేదు.

ఇదంతా చదివి పాత రోజులన్నీ బంగారమని ఎవరూ అనుకోవద్దు. సీట్లన్నీ నిండాక కూడా నడవలో ప్లాస్టిక్ ముక్కాలి పీటలు వేసి, పీలేరు నుంచి కడప దాకా మనుషుల్ని కూర్చోబెట్టేవారు. కాంట్రాక్టు క్యారేజి పర్మిటు బండి దారిలో ఎక్కించుకోరాదని వాళ్లకూ తెలుసు, ఎక్కేవారికీ తెలుసు. రవాణా శాఖ జీపు కనిపిస్తే క్లీనరు పీటలు తీసి డిక్కీలో వేసేవాడు, పీటల మీదివాళ్లు చుట్టాల్లా ఇతరుల సీట్లకు ఆనుకుని నిలబడేవారు. వీడియో సంగతి సరేసరి. రాత్రి ఒంటి గంట దాకా సినిమా, అదీ పూర్తి శబ్దంతో. తగ్గించమని ముందు వరుసవాళ్లు, పెంచమని వెనక వరుసవాళ్లు. అన్నింటికంటే పెద్ద తప్పు, మొదటి మూడు నాలుగేళ్లు సీజను కాని రోజుల్లో ఒక్క డ్రైవరుతోనే హైదరాబాదు దాకా నడిపేవారు. నంద్యాల దగ్గర టీ తాగి, ముఖాన నీళ్లు చల్లుకుని మళ్లీ స్టీరింగ్ పట్టుకునే ఆ మనిషిని చూస్తూ నిద్రపోవడానికి భయం వేయకపోవడం నా వయసు లక్షణం అయి ఉండాలి. తరువాత ప్రయాణికులే గట్టిగా అడగడంతో ప్రతి బండికీ ఇద్దరు డ్రైవర్లను పెట్టారు.

వాళ్ల పార్శిలు సర్వీసు మాత్రం మొదటి నుంచీ చక్కగా ఉండేది. గుజ్జు సాంపిళ్లను మేము 3.1 కిలోల డబ్బాల్లో, అట్టపెట్టెకు ఆరు చొప్పున పంపేవాళ్లం. లక్డీకాపూల్‌లో మా ఏజెంటు మనిషి వచ్చేదాకా ఆ పెట్టెను బండిలోంచి దించి వదిలేయకుండా క్లీనరు తన దగ్గరే ఉంచుకునేవాడు. డబ్బాకు సొట్టపడితే కొనేవాడు తీసుకోడని ఒకసారి చెప్పాను. అప్పటి నుంచి ఆ పెట్టె స్టెప్నీ పక్కన కాకుండా పరుపుల మూటల మీద ప్రయాణం చేసింది.

2006 జనవరిలో ఒక రాత్రి జరిగిన విషయం నేను ఆ సంస్థను ఎందుకు నమ్మానో చెబుతుంది కనుక వివరంగా రాస్తున్నాను. రాయచోటిలో భోజనాలయ్యాక తొమ్మిదిన్నర ప్రాంతంలో గువ్వలచెరువు చేరాం. ఊళ్లోకి రాకముందే బండి రెండుసార్లు వేగం తగ్గింది, రెండుసార్లూ బ్రేకు దగ్గర పాము ఊదినట్టు 'ఉస్'మన్న చప్పుడు మామూలుకంటే పొడుగ్గా వినిపించింది. పెద్ద డ్రైవరు పాలకోవా అంగళ్ల వరుస ముందు బండి ఆపి, ఇంజన్ ఆపకుండానే డ్యాష్‌బోర్డు మీది గాలి మీటరు వైపు చూస్తూ కూర్చున్నాడు. యాక్సిలరేటరు తొక్కాడు, ముల్లు కొంచెం లేచింది. బ్రేకు తొక్కి వదిలాడు, ముల్లు జారిపోయింది. మూడుసార్లు అలా చేసి ఇంజన్ ఆపేశాడు. లేచి నిలబడి, మా అందరి వైపు తిరిగి, "గాలి నిలబడడం లేదు సార్. ఈ బండితో నేను ఘాట్ దిగను" అన్నాడు.

గాలి బ్రేకు బండి ఎలా పనిచేస్తుందో తెలిసినవారికి ఆ మాట బరువు తెలుస్తుంది. ఇంజన్ నడిపే కంప్రెసరు ట్యాంకుల్లో గాలి నింపుతుంది, ఆ గాలి ఒత్తిడే బ్రేకులను పట్టిస్తుంది. ఎక్కడైనా గాలి కారిపోతుంటే, చదును రోడ్డు మీద అప్పుడప్పుడు బ్రేకు వేసే బండికి ఎలాగో సరిపోవచ్చు. ఘాట్‌లో మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ దిగాలి, వాడుక ఎక్కువ, నిండేది తక్కువ. గువ్వలచెరువు ఘాట్‌లో ఎన్ని లారీలు లోయలో పడ్డాయో ఆ దారిన తిరిగేవారికి చెప్పనక్కరలేదు. అయినా మాలో కొందరు గొడవకు దిగారు. ఒకాయనకు మరుసటి ఉదయం ఇంటర్వ్యూ. ఇంకొకాయన, "ఇంత దూరం వచ్చింది గదా, నిదానంగా దింపు నాయనా" అని నచ్చజెప్పబోయాడు. డ్రైవరు కోపం తెచ్చుకోలేదు. "దింపేది నాకు తెలుసు నా, ఆపేదే తెలీదు" అన్నాడు. ఆ మాటకు బండిలో సగం మంది నవ్వారు, గొడవ అక్కడికి చల్లబడింది.

ఆయన సెల్‌ఫోనుకు సిగ్నలు లేక, కోవా అంగడిలోని ఫోను నుంచి యజమానితో మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నాను. "బండి గువ్వలచెరువులో పెట్టినా, దించను" అన్నాడు, అవతల నుంచి ఏదో ఒక్క మాట వచ్చింది, "సరే" అని పెట్టేశాడు. అంతే. నచ్చజెప్పడాలు, బతిమలాడడాలు లేవు. తరువాత కడప వైపు పోయే ఆర్టీసీ బస్సులు రెండు ఆపి, ముసలివాళ్లను, పిల్లల తల్లులను, ఆ ఇంటర్వ్యూ ఆయనను ఎక్కించి, వాళ్ల టికెట్ల డబ్బు క్లీనరు సంచిలోంచి తీసి ఇచ్చాడు. కడపలో వాళ్ల కోసం ఆఫీసు మనిషి ఎదురు చూస్తాడని చెప్పాడు, ఎదురు చూశాడు కూడా. మిగిలిన మేము చలిలో తువ్వాళ్లు చుట్టుకుని, ఆకులో పెట్టిన వెచ్చటి కోవా తింటూ ఒంటి గంట దాకా కూర్చున్నాం. కడప నుంచి వేరే బండి వచ్చింది. పాతది, కిటికీలు గలగలమనేది. హైదరాబాదు చేరేసరికి పదకొండు దాటింది. నా పని చెడింది, మళ్లీ వారం ఉండి వెళ్లవలసి వచ్చింది. అయినా ఆ సంస్థ మీద నాకు కోపం రాలేదు. డ్రైవరు 'దించను' అంటే ఆఫీసు 'సరే' అనడం అంత తేలికైన విషయం కాదని ఆ రోజు అర్థమైంది. ఆ తరువాత ప్రతి బండినీ నేను ఆ ఒక్క 'సరే'తోనే కొలిచాను.

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర వరదకు కర్నూలు ఊరే మునిగిపోయినప్పుడు ఆ దారి బస్సులన్నీ ఆగిపోయాయి. మా టికెట్ల డబ్బు అడగకుండానే ఇంటికి పంపారు. అదొక్కటే ఆ వారం నాకు తెలిసిన మంచి వార్త.

ఏసీ బండ్ల కాలం వచ్చింది. వోల్వో సంస్థ 2001లో మన దేశంలో బి7ఆర్ బస్సును తెచ్చి, బెంగళూరు పక్కన హోసకోటెలో తయారీ మొదలుపెట్టాక, బెంగళూరు దారి పక్కనున్న మా ఊరివాళ్లు ఆ బండ్లను అందరికంటే ముందే చూశారు. పలమనేరు వైపు నుంచి మొగిలి ఘాట్ దిగి వచ్చే ఆ తెల్లటి బండిని చూడడానికి పిల్లలు రోడ్డు పక్కన నిలబడేవారు. మా ట్రావెల్స్ 2007లో ఒకటి కొన్నది. ఇంజన్ వెనక ఉండడంతో ముందు వరుసల్లో మోత లేదు. కమాన్ల చోట గాలి బెలోస్ ఉండడంతో గతుకు వస్తే బండి కొట్టుకోకుండా పడవలా ఊగి సర్దుకునేది. మొదటి రాత్రి పదమూడో నంబరులో కూర్చుని కడప దాకా నిద్రపోలేదు, ఆ నిశ్శబ్దం అలవాటు లేక. బండి కొన్న వారానికి ఇద్దరు డ్రైవర్లను బెంగళూరు పంపి శిక్షణ ఇప్పించారు. వాళ్లు తిరిగి వచ్చాక గేరు మార్చే పద్ధతే మారిపోయింది. టికెట్టు ధర రెట్టింపుకు దగ్గరగా ఉండేది కనుక మా ఫ్యాక్టరీ యజమాని సగమే ఇచ్చేవారు, మిగతా సగం నేను వేసుకునేవాణ్ని. వేసుకున్నందుకు ఏనాడూ బాధపడలేదు. నా లెక్కలో ఆ సంస్థకు 2007 నుంచి 2013 దాకా మంచి రోజులు. బండీ మంచిదే, దాన్ని నడిపే మనుషులూ పాతవాళ్లే.

తిరుపతి మీదుగా నడిపే రెండో సర్వీసు గురించి కూడా చెప్పాలి. అది చిత్తూరులో బయలుదేరి, చంద్రగిరి దాటి తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర సగం బండి నింపుకుని, రేణిగుంట, కోడూరు, రాజంపేట మీదుగా కడప చేరేది. అందులో ఎక్కేవాళ్లు ఎక్కువగా కొండ దిగి వచ్చిన యాత్రికులు. నున్నటి గుండ్లకు గంధం పూసుకున్న కుటుంబాలు, సీట్ల కొక్కేలకు వేలాడే లడ్డు సంచులు. ఏసీ బండిలో కిటికీలు తెరుచుకోవు కనుక నెయ్యి, యాలకులు, పచ్చకర్పూరం కలిసిన ఆ వాసన కర్నూలు దాకా మాతో వచ్చేది. వాళ్లతో ఒక్కటే చిక్కు. బండి బయలుదేరే వేళకు ఫోను వచ్చేది: "అన్నా, దర్శనం ఆలస్యమైంది, ఘాట్‌లో ఉండాం, పదినిమిషాలు ఆపన్నా." పాత ఘాట్ రోడ్డు, అదే 1944లో వేసిన మొదటి రోడ్డు, దిగడానికి వాడతారు. అందులో ఎన్ని మలుపులు మిగిలి ఉన్నాయో అడిగి క్లీనరు లెక్కగట్టేవాడు. ఎనిమిది మంది కుటుంబం కోసం నలభై మంది ఎదురు చూడాలా? నాకు రెండు రకాలుగానూ అనిపించేది. కూర్చున్నప్పుడు వద్దని, ఒకసారి నేనే మా అమ్మను తీసుకుని కొండ దిగుతూ ఆలస్యమైనప్పుడు ఆపాలని. ఈ విషయంలో వాళ్ల పద్ధతి ఇరవై నిమిషాలు. ఆ పైన బండి కదిలేది, మిగిలిపోయినవాళ్లకు తరువాతి రోజు సీటు ఇచ్చేవారు. ఆ సర్వీసును 2018లో మానేశారు. ఇప్పుడు నేను తిరుపతి వెళ్తే కొండకే వెళ్తాను, అదీ 2022 సెప్టెంబరులో వచ్చిన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులో. ఘాట్ ఎక్కేటప్పుడు గేర్ల మూలుగు లేని బస్సు ఎలా ఉంటుందో అందులోనే తెలిసింది.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న ఏసీ బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది, 45 మంది చనిపోయారు. మేము నెలనెలా తెల్లవారుజామున నిద్రలో దాటే చోటు అది. ఆ తరువాతి ప్రయాణంలో జడ్చర్ల దాకా బండిలో ఎవరూ దుప్పటి ముఖం మీదికి లాక్కోలేదు. ఆ నెలలోనే మా ట్రావెల్స్ బండ్లలో కిటికీల మధ్య ఎర్ర పిడి సుత్తులు వెలిశాయి. బయలుదేరే ముందు క్లీనరు నిలబడి, అద్దం మూలన కొట్టాలి, నడిమధ్య కొట్టకూడదు, అని చూపించేవాడు. ఏడాది తిరిగేసరికి సుత్తులు సగం మాయమయ్యాయి. ప్రయాణికులే పట్టుకుపోతున్నారని క్లీనరు వాపోయాడు. అందులో నిజం ఉండవచ్చు. అయితే పోయిన సుత్తి చోట ఇంకొకటి పెట్టడం ప్రయాణికుల పని కాదు.

రాష్ట్ర విభజన తరువాత, 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణలోకి వచ్చే ఆంధ్ర బండ్లు అక్కడ కూడా పన్ను కట్టవలసి వచ్చింది. టికెట్టు మీద ఆ భారం పడింది. పండుగ రేట్లు అంతకుముందే ఉన్నా, అప్పటి నుంచి వాటికి సిగ్గు పోయింది. సంక్రాంతి ముందు నాలుగు రోజులు మామూలు ధరకు రెట్టింపు, ఆపైన కూడా అడిగారు.

స్లీపరు బండ్ల మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి చొప్పున, కిందా పైనా కలిపి ముప్పై బెర్తులు. పడుకుని పోవడం సుఖమే, కాదనను. కింది బెర్తులో, మధ్య వరుసల్లో పడుకుంటే నిజంగా నిద్ర పడుతుంది. పై బెర్తులో మలుపు మలుపుకూ దేహం గోడకూ, గోడ నుంచి అంచుకూ దొర్లుతుంది. బండి ఎత్తు పెరిగేకొద్దీ ఊగడం పెరుగుతుంది. అన్నిటికీ మించి, సీటు బండిలో మనిషి రెండడుగుల్లో నడవలోకి వస్తాడు. స్లీపరులో తెర తీసి, కాళ్లు దించి, చెప్పులు వెతుక్కుని, ఒక్క మనిషే పట్టే సందులో ముప్పై మంది ఒకరి వెనక ఒకరు నిలబడాలి. స్లీపరు బాడీలకు ఏఐఎస్-119 అని ప్రత్యేక ప్రమాణం ఉంది. దాని ప్రకారం కట్టిన బండికి, సీటు బండిని మార్చి కట్టించిన బండికి తేడా ఎక్కగానే తెలుస్తుంది. అత్యవసర ద్వారం పిడి చేతికి అందుతుందా, దాని ముందు బెర్తు అడ్డం ఉందా అని చూస్తే చాలు. మా ట్రావెల్స్ 2016లో తెచ్చిన మొదటి నాన్ ఏసీ స్లీపరులో ఆ ద్వారం ముందే బెర్తు ఉండేది. ఆ బెర్తును అమ్మేవారు కూడా.

2020 లాక్‌డౌన్‌లో బండ్లన్నీ షెడ్డులో నిలిచిపోయాయి. పన్నులు, ఇన్సూరెన్సు, బ్యాంకు వాయిదాలు మాత్రం నిలవలేదు. మరుసటి ఏడాది పాత యజమానులు పర్మిట్లతో సహా సంస్థను బయటి ఊరివాళ్లకు అమ్మేశారు. కొత్తవాళ్లు వచ్చీ రాగానే భారత్‌బెంజ్ ఛాసిస్ మీద కట్టించిన ఏసీ స్లీపర్లు రెండు దించారు. వాహనంగా చూస్తే ఆ సంస్థ నడిపిన వాటిలో అంత మంచివి లేవు. ప్రతి బెర్తుకూ ఛార్జింగ్, చదువుకునే దీపం, శుభ్రమైన దుప్పటి, బండి ఎక్కడుందో ఫోనులో చూసుకునే వీలు. బుకింగ్ ఆఫీసు మాత్రం మూసేశారు. పెద్దాయన ఇంటికి వెళ్లిపోయారు. పాత డ్రైవర్లలో ముగ్గురు ఆర్టీసీ అద్దె బస్సులకు, ఒకరు కాలేజీ బస్సుకు మారారు.

2022 మే నెలలో ఆ కొత్త బండి ఒకదానిలో వెళ్తున్నాను. నిద్ర పట్టక మైదుకూరు దాటాక డ్రైవరు క్యాబిన్‌లోకి వెళ్లి కూర్చున్నాను. డ్యాష్‌బోర్డు మీద ఒక ఎర్ర దీపం వెలుగుతోంది. పక్కనే చిన్న జల్లెడలాంటి చోట నల్ల టేపు రెండు పొరలు అంటించి ఉంది. ఏమిటని అడిగాను. "బజరు సార్, కుయ్యోమని మోగతా ఉంటే తల నొప్పి" అన్నాడు ఆ కుర్రవాడు. దీపం సంగతి అడిగితే, "రెండు దినాలుగా వెలగతా ఉండాది. ఆఫీసోళ్లకు చెప్పినా. ముందు ట్రిప్పు కొట్టుకు రా, చూద్దాం అన్నారు" అన్నాడు. కుర్రవాడికి ఇరవై ఐదేళ్లు ఉంటాయేమో. ఉద్యోగంలో చేరి నెల కాలేదట. ఆళ్లగడ్డ దాటిన కాసేపటికి బండి దానంతటదే వేగం తగ్గి ఆగిపోయింది. ఏసీ ఆగింది, తెరుచుకోని కిటికీల మధ్య మే నెల గాలి. అందరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. టికెట్టు మీద ఉన్న నంబరుకు ఫోను చేస్తే, ఎక్కడో వేరే ఊళ్లో కూర్చున్న అమ్మాయి ఎంతో మర్యాదగా ఫిర్యాదు నమోదు చేసుకున్నానని చెప్పింది. ఆళ్లగడ్డ ఎక్కడుందో ఆమెకు తెలియదు, తెలియనందుకు ఆమెను అనడానికి ఏముంది? వేరే బండి రాలేదు. తెల్లవారాక ఎవరి దారి వారు చూసుకున్నాం. నేను ఆర్టీసీ బస్సులో నంద్యాలకు, అక్కడి నుంచి ఇంకొకదానిలో హైదరాబాదుకు వెళ్లాను. దారిలో ఫోనుకు సందేశం వచ్చింది: మీ ప్రయాణం ఎలా జరిగింది, ఐదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారు?

టికెట్టు డబ్బు పదకొండు రోజుల తరువాత సగం వచ్చింది. ఆ కుర్రవాడి మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపం లేదు. గువ్వలచెరువులో 'దించను' అన్న మనిషి వెనక 'సరే' అనే ఆఫీసు ఉంది. ఈ కుర్రవాడి వెనక నల్ల టేపు చుట్ట ఉంది.

అయినా ఆ తరువాత కూడా అందులో వెళ్లాను. మా ఊరి నుంచి సరిగ్గా ఆ వేళకు బయలుదేరి, సరిగ్గా ఏజెంటు ఆఫీసు ఉన్న చోట దించే బండి వేరొకటి లేదు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపరు బస్సు, బైకును ఢీకొన్నాక మంటలంటుకుని కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు అందులోనే పోయారు. నవంబరు రెండో వారంలో నేను ఎక్కినప్పుడు చేసిన మొదటి పని వెనక్కి నడిచి అత్యవసర ద్వారం చూడడం. పిడి ఉంది, గుర్తు ఉంది, చీకట్లో వెలిగే స్టిక్కరు కూడా కొత్తగా అంటించారు. ద్వారానికి ఆనించి నాలుగు అట్టపెట్టెలు, ఒక మోటారు సైకిలు టైరు. తీయమంటే కర్నూలులో దింపేస్తామన్నారు. నేను చిత్తూరు పొలిమేర దాటకముందే, మురకంబట్టు దగ్గర దిగేశాను. డబ్బు అడగలేదు.

ఇప్పుడు ఆర్టీసీలో వెళ్తున్నాను. 1958లో ఏర్పడిన సంస్థ, 2020 జనవరి 1 నుంచి ఉద్యోగులంతా ప్రభుత్వంలో కలిసినవాళ్లు. సూపర్ లగ్జరీలో దుప్పటి ఇవ్వరు, పడుకోవడం కుదరదు, ఏజెంటు ఆఫీసుకు ఇంకో సిటీ బస్సు ఎక్కాలి. బండిలో పదిమందే ఉన్నా చెప్పిన వేళకు కదులుతుంది. చెడిపోతే వెనక వచ్చే బస్సు ఆపి అదే టికెట్టు మీద ఎక్కిస్తారు, ఇది మాటవరసకు అంటున్నది కాదు, డిసెంబరులో పీలేరు దగ్గర టైరు పగిలినప్పుడు చూశాను.

పోయిన వారం మళ్లీ టికెట్టు తీయడానికి ఫోనులో సీట్ల పటం తెరిచాను. నాలుగో వరుస, ఎడమ పక్క కిటికీ, వేలు దానంతటదే అక్కడికే పోయింది. పదమూడో నంబరు బూడిదరంగులో ఉంది, నాకంటే ముందే ఎవరో తీసేసుకున్నారు. పదిహేడు తీసుకున్నాను.